పగటి గొడవకి రాత్రి లెక్క అడగండి

ఆటిజం ఉన్న పిల్లాడు బడిలో పక్కవాణ్ణి కొరికితే, థెరపీకి తీసుకెళ్తే బల్ల కింద దూరి బయటికి రానంటే, ఇంట్లో కంచం విసిరికొడితే, కారణం చెప్పడానికి చుట్టూ అందరూ సిద్ధంగా ఉంటారు. మొండితనం అంటారు. గారాబం అంటారు. ఫోను అలవాటు చేశారంటారు. చివరికి తల్లి పెంపకం మీదికి పోతారు. "రాత్రి ఎప్పుడు పడుకున్నాడు? మధ్యలో లేచాడా?" అని అడిగినవాళ్లు మాత్రం ఇన్నేళ్లలో నాకు చాలా అరుదుగా తగిలారు. పిల్లాడి పగటి ప్రవర్తన గురించి ఎవరు ఏం మాట్లాడాలన్నా ముందు ఈ రెండు ప్రశ్నలూ అడిగి తీరాలి. అడగకుండా ఇచ్చే సలహా ఎంత పెద్దవాళ్లు ఇచ్చినా అది సగం సలహానే.

నేను డాక్టర్ని కాదు. భీమవరం చుట్టుపక్కల చాలామందిలాగే రొయ్యల చెరువులు చేసుకునేవాణ్ణి. మావాడికి ఆటిజం ఉంది, తొమ్మిదేళ్లు. మాటలు కొద్దిగా వచ్చు, అవి కూడా తనకి కావాలనిపించినప్పుడే. చెరువు పని నాకు నేర్పింది ఒకటుంది, అది చెప్తాను. రొయ్య మేత తింటోందో లేదో చూడటానికి నీటిలో ఉంచే చెక్ ట్రే పొద్దున్నే ఎత్తితే వేసిన మేత వేసినట్టే ఉందనుకోండి, రొయ్యకి పొగరెక్కిందని ఎవరూ అనరు. రాత్రి ఆక్సిజన్ ఎంతకి పడింది, కరెంటు పోతే జనరేటర్ ఎంతసేపటికి వేశావు, తెల్లవారుజామున నీటిలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ తిరిగాయా అని కాపలా కుర్రాణ్ణి నిలదీస్తాం. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన నీటిలోని పాచే రాత్రి దాన్ని పీల్చుకుంటుంది కాబట్టి తెల్లారేముందు చెరువు బాగా ఇబ్బంది పడుతుందని, కొత్తగా లీజుకి దిగినవాడికి కూడా తెలుసు. పొద్దుటి మేతకి రాత్రి లెక్క అడుగుతాం. పిల్లాడి విషయంలో ఆ లెక్క ఎందుకు అడగం?

అడగకపోవడానికి ఒక కారణం కాగితాల్లోనే ఉంది. ఆటిజం నిర్ధారణకి ప్రపంచమంతా వాడే డీఎస్ఎమ్-5 అనే అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో ఉన్న లక్షణాల జాబితాలో నిద్ర లేదు. మన దేశంలో వికలాంగ ధ్రువపత్రం కోసం చేసే ఐఎస్ఏఏ అనే, ఆటిజం ఎంత ఉందో కొలిచే పరీక్షలో ఆరు విభాగాలు, 40 అంశాలు ఉంటాయి. కళ్లలోకి చూస్తాడా, మనుషులతో కలుస్తాడా, చేతులు ఆడిస్తాడా, ఇలా అన్నీ అడుగుతారు. నిద్రకంటూ ఒక విభాగం లేదు. నిర్ధారణకి అది అక్కర్లేకపోవచ్చు, దాంతో నాకు తగాదా లేదు. కానీ నిర్ధారణకి అక్కర్లేనిది వైద్యానికీ అక్కర్లేదన్నట్టు నడిచిపోతోంది. ఆటిజం ఉన్న పిల్లల్లో 50 నుంచి 80 శాతం మందికి ఏదో ఒక రకం నిద్ర సమస్య ఉంటుందని పరిశోధనలు చెప్తూనే ఉన్నాయి. పడుకున్నా గంటలకొద్దీ నిద్ర పట్టకపోవడం, అర్ధరాత్రి లేచి మళ్లీ పడుకోకపోవడం, మూడింటికో నాలుగింటికో తెల్లారిపోవడం. ఇంతమందిని పట్టి పీడించేదాన్ని పక్కన పెట్టి వైద్యం ఎలా చేస్తారు?

అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయం వాళ్లు ఆటిజం ఉన్న 81 మంది పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. నిద్ర సమస్యలు ఎక్కువగా ఉన్న పిల్లల్లోనే కొట్టడం, కొరకడం, చిరాకు, ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం కూడా ఎక్కువగా కనిపించాయి. అన్నిటికంటే గట్టి సంబంధం కనిపించింది రాత్రి మధ్యలో లేవడానికి. నిద్ర చెడి ప్రవర్తన చెడిందా, లేక ఏ ఆందోళన పగలు పిల్లాణ్ణి సతాయిస్తుందో అదే రాత్రి నిద్రని కూడా తినేస్తుందా అన్నది అలాంటి ఒక్క అధ్యయనంతో తేలదు. ఒకే సమయంలో రెండింటినీ కొలిస్తే ఏది ముందో తెలియదు. కొందరు థెరపిస్టులు ఈ మాట పట్టుకుని, ముందు బిహేవియర్ సరిచేద్దాం, నిద్ర దానంతటదే వస్తుంది అంటారు. నాకు అది తలకిందుల దారిగా కనిపిస్తుంది. రెండువైపులా నడిచే వ్యవహారమే అనుకుందాం. అందులో ఇంట్లోవాళ్ల చేతికి అందేది ఏది? వాడి ఆందోళనని మనం మార్చలేం, బడిలో గోలని మార్చలేం. మన ఇంట్లో రాత్రి ఎలా గడవాలన్నది మాత్రం కొంతైనా మన చేతిలో ఉంది. చేతిలో ఉన్నదాంతోనే మొదలెట్టాలి.

ఇంకో అడ్డంకి మన కళ్లలోనే ఉంది. నిద్ర చాలని పెద్దవాళ్లు ఆవలిస్తారు, కూర్చున్నచోటే తూలుతారు. నిద్ర చాలని పిల్లలు చాలాసార్లు దానికి పూర్తిగా ఎదురుగా ఉంటారు. గంతులేస్తారు, సోఫా ఎక్కి దూకుతారు, ఊరికే నవ్వుతారు, ముట్టుకుంటే మీదపడతారు. మా అమ్మ ఎన్నోసార్లు అంది, "ఇంత హుషారుగా ఎగురుతుంటే నిద్ర చాల్లేదంటావేంట్రా?" అని. ఆవిడ కళ్లతో చూస్తే ఆ మాట తప్పని ఎలా అంటాం? ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. మా ఇళ్లల్లో ఐదారు గంటలు పడుకుని లేచిన పిల్లాణ్ణి "వీడికి నిద్ర అక్కర్లేదు, దేవుడిచ్చిన ఒళ్లు" అనేస్తాం. వాడికి నిద్ర అక్కర్లేక కాదు, రావట్లేదు.

మా ఇల్లు చెరువులకి దగ్గర. రాత్రంతా ఏరియేటర్లు నీళ్లు చిమ్మే చప్పుడు వస్తూనే ఉంటుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఈ గోలలో ఎలా పడుకుంటారండీ అని అడుగుతారు. మావాడు ఆ గోలలో హాయిగా పడుకుంటాడు. కరెంటు పోయి ఏరియేటర్లు ఒక్కసారిగా ఆగాయా, ఆ క్షణమే లేచి కూర్చుంటాడు. రెండు అరచేతులూ చెవులకి గట్టిగా అదిమిపెడతాడు. జనరేటర్ ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూస్తాడు. వాడికి తెలుసు, అది వస్తుంది, కానీ ఎప్పుడొస్తుందో తెలియదు, ఆ తెలియకపోవడమే వాడికి భరించరానిది. జనరేటర్ వేశాక చప్పుడు మళ్లీ మామూలవుతుంది కానీ వాడు మామూలవడు. వంటింట్లోకి వెళ్లి స్టీలు పళ్లాలు తీస్తాడు, గచ్చు మీద ఒక్కొక్కటీ గిర్రున తిప్పుతాడు, చెంప నేలకి ఆనించి ఆ పళ్లెం తిరిగి తిరిగి పడిపోయేదాకా వింటాడు. ఆ సమయంలో వాడి మొహం ఎంత ప్రశాంతంగా ఉంటుందో చెప్పలేను. అది వాడు తనని తాను సముదాయించుకునే పద్ధతి. నేను దాన్ని ఆపను. పళ్లాల కింద ఒక దుప్పటి పరుస్తాను, అంతే. కానీ అలా తెల్లారిపోతే మర్నాడు బడి డైరీలో ఎర్ర సిరాతో ఏదో ఒకటి రాసి వస్తుంది, అది ఖాయం.

దీన్నుంచి నాకు అర్థమైంది ఏంటంటే, మావాణ్ణి లేపేది చప్పుడు కాదు, మార్పు. వాడి గదిలో ఫ్యానుకి ఇన్వర్టర్ కలిపించాను, కిటికీ దగ్గర ఒక పాత టేబుల్ ఫ్యాను రాత్రంతా గోడవైపు తిరిగి మోగుతూ ఉంటుంది. బయట ఏరియేటర్లు ఆగినా లోపల చప్పుడు ఆగదు. అలాగే దోమతెర. కాలవ పక్క ఊళ్లో దోమతెర లేకుండా పడుకోలేం, కానీ దాని అంచు కాలికి తగిలితే వాడు లేస్తాడు. ఇప్పుడు డబుల్‌కాట్ దోమతెరలో వాడొక్కడే మధ్యలో పడుకుంటాడు. ఇంకో ఇంట్లో పిల్లాడికి ఇవేవీ సమస్య కాకపోవచ్చు. వాడికి ట్యూబ్‌లైట్ మినుకుమనడమో, కొత్త దుప్పటి గరుకో, చెమటకాయల దురదో అవ్వచ్చు. పిల్లాడి ఒంటికి ఏది ఎలా తగులుతోందో చూడకుండా "త్వరగా పడుకోబెట్టండి" అని చెప్పే సలహా ఎవరికీ పనికిరాదు.

ఇక మనకి కనపడని సంగతి. చీకటి పడేకొద్దీ మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ పెరిగి ఒంటికి రాత్రయిందని చెప్తుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో కొంతమందికి ఇది తక్కువగా తయారవుతున్నట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించింది. దానికితోడు మనం రాత్రి పదింటిదాకా హాల్లో తెల్లటి లైట్లు, టీవీ, వాడి చేతిలో ఫోను. అసలే నీరసంగా వచ్చే ఆ సంకేతాన్ని వెలుతురుతో ఇంకా వెనక్కి తోస్తున్నాం. మళ్లీ తల్లిదండ్రుల్ని తిట్టడానికి ఇదొక సాకు కాకూడదు. పగలంతా పిల్లాడితో పోరాడి, సాయంత్రం వంట చేసుకునే అరగంట కోసం ఫోను ఇచ్చిన తల్లిని నేను ఒక్క మాట కూడా అనను. ఆ అరగంట ఆరింటికి ఇవ్వండి, తొమ్మిదింటికి వద్దు అని మాత్రం చెప్తాను.

మన డెల్టా ఇళ్లల్లో రెండు అలవాట్లు నిద్రకి గట్టి దెబ్బ కొడతాయి. ఒకటి మధ్యాహ్నం కునుకు. ఎండాకాలం అన్నం తిని ఇల్లంతా పడుకుంటుంది, పిల్లాడు కూడా మూడింటికి పడుకుని ఐదింటికి లేస్తాడు, లేపడానికి ఎవరికీ మనసొప్పదు, రాత్రి ఎలాగూ పడుకోలేదు కదా అనిపిస్తుంది. ఆ రాత్రి ఒంటిగంట దాకా జాగారం. రెండోది టీ. నాలుగింటికి పెద్దవాళ్లతోపాటు పిల్లలకి కూడా ఒక చిన్న గ్లాసు, బిస్కెట్లు ముంచుకోవడానికి. అందులో ఉన్న కెఫీన్ గంటలకొద్దీ ఒంట్లో ఉండిపోతుంది. మా ఇంట్లో టీ గ్లాసు మానిపించడం కష్టం, ఎందుకంటే వాడికి టీ కంటే ఆ గ్లాసు, ఆ టైము, తాతయ్య పక్కన ఆ అరుగు ముఖ్యం. గ్లాసు అదే, అరుగు అదే, లోపల పాలు. వాడు ఒప్పుకున్నాడు.

ఇవన్నీ చెప్పేముందు అసలు ఒంట్లో నొప్పి ఉందేమో చూడాలి. మాటలు రాని పిల్లాడు పన్ను నొప్పి అని చెప్పలేడు, తల గోడకేసి కొట్టుకుంటాడు. మలబద్ధకం, కడుపులో మంట, చెవి పోటు, వీటిలో ఏదైనా రాత్రి లేపగలదు. నులిపురుగుల్లో ఒక రకం రాత్రిపూటే ఆసనం దగ్గరికి వచ్చి గుడ్లు పెడుతుంది, దురదకి పిల్లలు పక్క మీద మెలికలు తిరుగుతారు. బళ్లలో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు కదా, మన పిల్లలు ఆ రోజు బడికి వెళ్లకో, నమలడానికి ఒప్పుకోకో చాలాసార్లు అది తప్పిపోతుంది. గురక పెడుతూ, నోరు తెరుచుకుని, చెమటలు కక్కుతూ పడుకునే పిల్లాడికి ముక్కు వెనక కండ పెరిగి ఊపిరి ఆగి ఆగి వస్తోందేమో ముక్కు, చెవి, గొంతు డాక్టర్ చూడాలి. ఆటిజం ఉన్నవాళ్లలో మూర్ఛ మామూలుకంటే ఎక్కువ, కొన్ని ఫిట్స్ నిద్రలోనే వస్తాయి, ఇంట్లోవాళ్లు పీడకల అనుకుంటారు.

వీటన్నిటిలో మా వైపు ఎవరూ చూడనిది ఇనుము. ఒంట్లో ఇనుము నిల్వలు తక్కువైతే రాత్రి కాళ్లు గుంజుతాయి, ఒకచోట పెట్టబుద్ధి కాదు, నిద్రలో కూడా తన్నుకుంటూ ఉంటారు. ఆటిజం ఉన్న పిల్లల మీద 2007లో కెనడాలో చేసిన ఒక చిన్న అధ్యయనంలో ఇనుము మందు ఇచ్చాక ఇలాంటి అస్థిమిత నిద్ర తగ్గినట్టు కనిపించింది. మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పైగా మన పిల్లలు తిండిలో ఎంత పట్టింపుగా ఉంటారో మీకు తెలుసు. పెరుగన్నం తప్ప ముట్టనివాళ్లు, ఒకే కంపెనీ బిస్కెట్టు తప్ప తిననివాళ్లు. అలాంటి పిల్లాడికి గోంగూర, తోటకూర పెట్టండి అని చెప్పడం తేలిక. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి బాగుంది అంటే ఆగకుండా, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ కూడా చూడమని డాక్టర్ని అడగండి. మామూలు రక్తపరీక్షే. ఇనుము మందు మాత్రం సొంతంగా పోసెయ్యకండి, ఎక్కువైతే ప్రమాదం.

మందుల సంగతి వచ్చింది కాబట్టి, మెడికల్ షాపులో జలుబు సిరప్ కొనుక్కొచ్చి రాత్రి ఒక మూత పోసే అలవాటు గురించి గట్టిగానే చెప్పాలి. ఇది మన ఊళ్లల్లో చాలా ఇళ్లల్లో జరుగుతుంది, ఎవరూ బయటికి చెప్పుకోరు. ఆ మత్తు నిజమైన నిద్ర కాదు, కొంతమంది పిల్లలకి మత్తు రాకపోగా ఇంకా రెచ్చిపోతారు. జలుబుకి వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్లలోపు పిల్లలకి వాడకూడదని 2023 డిసెంబరులో మన డ్రగ్స్ కంట్రోలరే ఆదేశించారు. పెద్ద పిల్లలకైనా అది జలుబు మందే.

మెలటోనిన్ విషయం వేరు. ఇందాక చెప్పిన ఆ హార్మోనే మందుగా కూడా దొరుకుతుంది. అమెరికా న్యూరాలజీ అకాడమీ 2020లో ఆటిజం పిల్లల నిద్ర గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. ముందు వేరే జబ్బులు, వాడుతున్న మందులు కారణమేమో చూడమంది. తర్వాత పడుకునే అలవాట్లు మార్చమంది. అవి చాలకపోతే అప్పుడు మెలటోనిన్, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, పడుకోవడానికి ఓ అరగంట, గంట ముందు. ఈ వరసే నాకు ముఖ్యం. మన దగ్గర వరస తిరగబడి, మొదటి రోజే చీటీ మీద మాత్ర వస్తుంది. ఇంకో సంగతి, అమెరికాలో అమ్మే మెలటోనిన్ గమ్మీలు, అంటే నమిలి తినే మిఠాయిలాంటివి, 25 రకాలు పరీక్షిస్తే 22 రకాల్లో సీసా మీద రాసిన మోతాదుకీ లోపల ఉన్నదానికీ పొంతన లేదని 2023లో తేలింది. డాలస్ నుంచి పెదనాన్నగారబ్బాయి పంపించాడని ఆ గమ్మీలు పెట్టెయ్యకండి. డాక్టర్ రాసిన మందే, ఆయన చెప్పినంతే. బరువు దుప్పట్లు కూడా ఆన్‌లైన్లో వేలకి వేలు పెట్టి అమ్ముతున్నారు. పిల్లలకి అవి నచ్చవచ్చు, కానీ నిద్ర పెరుగుతుందని 2014లో బ్రిటన్లో చేసిన పరీక్షలో తేలలేదు. మే నెల ఉక్కపోతలో మన పిల్లాడి మీద ఐదు కిలోల దుప్పటి ఊహించుకోండి.

కొట్టడం, కొరకడం ఎక్కువైతే రిస్పెరిడోన్ రాస్తారు. ఆటిజం పిల్లల్లో తీవ్రమైన చిరాకుకి అమెరికాలో 2006లో అనుమతి వచ్చిన మందు అది, కొందరి జీవితాలని నిలబెట్టింది కూడా. ఆకలి, బరువు బాగా పెంచుతుంది. ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు ఆపొద్దు. కానీ మొదలుపెట్టేముందు, లేదా మోతాదు పెంచేముందు, "డాక్టర్‌గారూ, వీడు రాత్రిళ్లు మూడింటికి లేస్తున్నాడండి, ముందు అది చూద్దామా?" అని అడిగే హక్కు మనకుంది.

అలవాట్లు మార్చడం అన్నది అనుకున్నంత చిన్న పని కాదు. దాని అసలు కిటుకు నాకు ఆలస్యంగా దొరికింది. పిల్లాడు నిద్రలోకి జారుకునేటప్పుడు పక్కన ఏముందో, అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు కూడా అదే కావాలంటాడు. మనందరికీ రాత్రి కొద్దిసేపు మెలకువ వస్తుంది, దిండు సర్దుకుని మళ్లీ పడుకుంటాం. అమ్మ ఒళ్లో ఊపితేనో, ఫోన్లో పాట మోగితేనో నిద్రపోయిన పిల్లాడికి ఆ మెలకువలో ఒళ్లు లేదు, పాట లేదు. ఇంక పూర్తిగా లేచిపోతాడు. అందుకని నిద్రపోయేముందే ఆ ఊపడం, పక్కన పడుకోవడం కొద్దికొద్దిగా తగ్గించాలి. మేం పక్కన పడుకోవడం నుంచి పక్కన కూర్చోవడానికి, అక్కణ్ణుంచి గుమ్మం దగ్గర కుర్చీకి జరిగాం. జ్వరం వస్తే మళ్లీ మొదటికి. ఫరవాలేదు, మళ్లీ జరిగాం. వాడికి మాటలతో చెప్తే ఎక్కదు కాబట్టి స్నానం, అన్నం, పళ్లు తోముకోవడం, దోమతెర, లైటు ఆర్పడం, ఈ బొమ్మలు వరసగా గోడకి అంటించాం. ఒక్కోటి అవ్వగానే వాడే దాన్ని పీకి డబ్బాలో వేస్తాడు. ఇంకోటి, నిద్ర రాని పిల్లాణ్ణి తొమ్మిదింటికే పక్క మీద పడేసి రెండు గంటలు యుద్ధం చెయ్యకుండా, వాడికి నిజంగా నిద్ర పట్టే టైముకే పడుకోబెట్టి, అది కుదిరాక పావుగంట పావుగంట చొప్పున ఇంకా త్వరగా పడుకునేటట్టు జరపడం. లేచే టైము మాత్రం ఆదివారమైనా మారకూడదు, లేవగానే గట్టు మీద ఎండలో కాసేపు నడక.

ఈ పని మనుషులు నేర్పితే వస్తుంది, కాగితం ఇస్తే రాదు. అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో బెత్ మాలో అని నిద్ర వైద్యురాలు పనిచేశారు, ఆవిడ ఇద్దరు కొడుకులకీ ఆటిజం ఉంది. ఆవిడ బృందం తల్లిదండ్రులకి ఒక కరపత్రం ఇచ్చి పంపి చూస్తే పిల్లల నిద్ర పెద్దగా మెరుగుపడలేదు. అదే కొద్ది గంటలు కూర్చోబెట్టి నేర్పితే పిల్లలు త్వరగా నిద్రలోకి జారుకున్నారని 2014లో ప్రచురించారు. కొద్ది గంటలే. మన దగ్గర థెరపీకి నెలనెలా వేలు కడుతున్నాం, అందులో ఒక పూట రాత్రి గురించి తల్లిదండ్రులతో కూర్చోవడానికి ఎందుకు కేటాయించరు?

ఇప్పుడు మగవాళ్లతో ఒక మాట. పిల్లాడి పగలు అందరిదీ, రాత్రి మాత్రం తల్లిది అన్నట్టు మన ఇళ్లు నడుస్తున్నాయి. ఆయన పొద్దున్నే చెరువుకి వెళ్లాలి, మిల్లుకి వెళ్లాలి, ఆయన్ని లేపకు. నేను రాత్రి ఆక్సిజన్ చూడటానికి ఎలాగూ లేస్తాను, చాలామంది రైతులం లేస్తాం. రొయ్య కోసం లేచినవాళ్లం పిల్లాడి కోసం లేవలేమా? మా ఇంట్లో అర్ధరాత్రికి ముందు లేస్తే మా ఆవిడ, తర్వాత లేస్తే నేను. పిల్లాడి ప్రవర్తన కంటే ముందు మారింది మా మాటతీరు. నిద్రలేని తల్లి పగలు ఓపికగా ఉండాలని కోరడం అన్యాయం. కోనసీమ వైపు తల్లి గల్ఫ్‌లో పనికి వెళ్లి, డెబ్భై ఏళ్ల అమ్మమ్మ ఒక్కతే ఇలాంటి పిల్లాణ్ణి సాకుతున్న ఇళ్లున్నాయి. ఆవిడకి బొమ్మల చార్టు ఇచ్చి సరిపెట్టడం కుదరదు. ఆ ఇంటికి వారంలో కొన్ని రాత్రులు పడుకోవడానికి వెళ్లే మేనమామో పిన్నో కావాలి.

ఊరి బాధ్యత కూడా ఉంది. ధనుర్మాసం నెలంతా తెల్లవారుజామున గుడి మైకు మోగుతుంది. నాకు ఆ పాశురాలంటే ఇష్టం, చిన్నప్పుడు పొంగలి కోసం పరిగెత్తినవాణ్ణే. కానీ నాలుగింటికి మా వీధికేసి తిరిగిన హారన్ మోగితే మావాడు లేచి చెవులు గీరుకుంటాడు, రక్తం వచ్చేదాకా. కమిటీ పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

"ఏరా అబ్బాయ్, దేవుడి పాట కూడా వద్దంటావేంటి?"

"వద్దనట్లేదండి బాబాయ్‌గారూ. ఆ హారన్ చెరువుగట్టువైపు తిప్పించండి, కొంచెం సౌండు తగ్గించండి. పిల్లాడు చెవులు గీరేసుకుంటున్నాడండి."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మనవణ్ణి నిచ్చెన తెమ్మని కేకేశారు. నేను రూల్స్ ఎత్తలేదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది, నివాస ప్రాంతాల్లో రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని ఉంది. జాతరకి, పెళ్లికి, వినాయకుడి ఊరేగింపుకి పెట్టే డీజే వాళ్లతో మాత్రం ఆ మాట ఎత్తాల్సిందే, ఎందుకంటే అక్కడ అడిగితే వినే పెద్దాయన ఉండడు. చెవులున్న ప్రతి పసివాడి కోసం, గుండెజబ్బున్న ప్రతి ముసలివాడి కోసం ఉన్న నిబంధన అది. మన పిల్లల కోసం అడిగితే ఊరికి ఉపకారమే.

బడి, థెరపీ వాళ్లని నేను అడిగేది ఒకటే. రోజూ డైరీలో "ఈరోజు కొట్టాడు" అని రాసే పేజీలోనే పైన ఒక గడి పెట్టండి: రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు, ఎన్నిసార్లు లేచాడు. ఆ గడి మేం నింపి పంపుతాం. నాలుగు గంటలు పడుకుని వచ్చిన రోజు వాడికి కొత్త పాఠం వద్దు, కుర్చీలో కూర్చోబెట్టే పంతం వద్దు, చాపమీద ఓ మూల కాసేపు వదిలెయ్యండి. మా మండలంలో, ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం టీచర్ ఒకావిడ ఇలాగే చేస్తారు. పిల్లాడు గుమ్మంలో అడుగుపెట్టగానే మొహం చూసి, "రాత్రి లేదా నాన్నా నిద్ర?" అని అడిగి ఆరోజు పని సగానికి తగ్గిస్తారు. అలాంటి రోజుల్లో అక్కడ కొరకడం జరగలేదు. బడులకీ అంగన్వాడీలకీ తిరిగి పిల్లల్ని పరీక్షించే ప్రభుత్వ బృందాలు 2013 నుంచి ఉన్నాయి, ఎదుగుదల లోపాలు చూడటం వాళ్ల పనిలో భాగమే. వాళ్ల ఫారంలో కూడా నిద్ర గురించి ఒక ప్రశ్న పెట్టడానికి ఖర్చేమీ లేదు.

నిద్ర కుదిరితే ఆటిజం పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. మావాడు బాగా పడుకున్న రోజు కూడా పళ్లాలు తిప్పుతాడు, కొత్తవాళ్లు వస్తే చెవులు మూసుకుంటాడు. అది వాడు. కానీ బాగా పడుకున్న మర్నాడు, నీళ్లు కావాలంటే కొరకకుండా నా వేలు పట్టుకుని కుండ దగ్గరికి తీసుకెళ్తాడు. ఇప్పటికీ వారంలో కొన్ని రాత్రులు మూడింటికే తెల్లారిపోతుంది, దానికి మాకింకా దారి దొరకలేదు, వచ్చే నెల మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.

మీరూ వెళ్లేటట్టయితే రెండు వారాల లెక్క రాసుకుని వెళ్లండి. ఎప్పుడు పక్కమీదికి చేర్చారు, ఎప్పుడు నిద్రపట్టింది, ఎన్నిసార్లు లేచాడు, లేచినప్పుడు చుట్టూ ఏం జరిగింది, కరెంటు పోయిందా, పగలు కునుకు తీశాడా, ఆ మర్నాడు బడి నుంచి ఏం కబురొచ్చింది. గురక గానీ, కాళ్లు తన్నుకోవడం గానీ, ఒళ్లు బిగుసుకోవడం గానీ కనిపిస్తే ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి, మాటల్లో చెప్తే ఐదు నిమిషాల ఓపీలో ఎవరికీ అర్థం కాదు. ఆ వీడియో, ఆ కాగితం బల్లమీద పెట్టి, బిహేవియర్ గురించి తర్వాత మాట్లాడదామండి, ముందు ఇది చూడండి అని చెప్పండి. చూడనంటే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి.